వేడికి గిరాకి

కోటబొమ్మాళిలో మా మాతామహుల యింటి వంటసాలలో ఒక పెద్ద మట్టిపొయ్యియు, దాని వెనుక నానుకొని, కట్టె పెట్టుటకు నోరే లేని మఱియొక చిన్నపొయ్యియు నుండెడివి. పెద్దపొయ్యిలో మండిన మంట అన్నపుకుండ నుడికించి, ఇక నాపని యయినదని పెరటిదారి పట్టబోవు వేళ, ఒక సన్నని బిలముగుండ ఈ చిన్నదానిలో దూరి, దానిమీద నుంచిన పప్పునో పాలనో కాచి, అటుపిమ్మట మాత్రమే పొగయై చూరుక్రిందనుండి వెలువడెడిది. దానిని కోడిపొయ్యి యందురు. కొత్తమ్మతల్లి జాతరకు చుట్టములు దిగినపుడు మా అమ్మమ్మ ఒక్క మోపు కట్టెలతో ముప్పది విస్తళ్ళకు వండి, ప్రక్కన కాగెడు నీళ్ళుకూడ దించుచుండుట చూచి, అది ఆమె చేతి చలువయని మే మనుకొనెడివారము. అది చలువ కాదు, లెక్క. కోడిపొయ్యిమీద ఏ గిన్నె యెక్కవలెనో నిశ్చయించుకొనక ఆమె పెద్దపొయ్యిలో అగ్గిపుల్ల గీచెడిది కాదు. దానిమీద అన్నమునెన్నడు వండబూనెడిది కాదు, ఏలయన ఆ వేడి అన్నమునకు చాలదనియు, పప్పునకు చాలుననియు ఆమె యెఱుగును.

ఈ అధ్యాయమును నేను, తండ్రి పెట్టిన జీడిపప్పు కార్ఖానాను క్రొత్తగా చేతికి తీసికొన్న యువకు నొకని నెదుట కూర్చుండబెట్టుకొన్నట్లు భావించి వ్రాయుచున్నాను. జీడితో పనిలేనివారు ఇందలి బాయిలరును తమ తమ వ్యాపారములకు తగినట్లు మార్చుకొందురు గాక.

పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన జీడిమ్రాను, ఉద్దానపు ఇసుకనేలలో కొబ్బరికి తోడై నిలిచి, పలాస–కాశీబుగ్గ జంటపట్టణములను పప్పు వాణిజ్యమునకు పేరుపడిన తావులుగా చేసినది. నేడు ఇచ్చటి పిక్క చాలక ఆఫ్రికాఖండపు పిక్కకూడ ఓడలమీద వచ్చుచున్నది. పని తీరు నీవెఱిగినదే. పిక్క మొదట ఆవిరిలో ఉడుకును. ఆరినపిమ్మట కత్తిక్రింద పగులును. లోపలి పప్పు పొరతోడనే తట్టల కెక్కి, బోర్మా యను ఎండబెట్టు గదిలో 70 డిగ్రీల ప్రాంతపు గాలికి గంటలతరబడి ఎండి, పొర పెళుసెక్కి రాలుటకు సిద్ధమగును. ఆపైని పీలింగు, గ్రేడింగు. ఈ పనులకన్నిటికిని కావలసిన నిప్పును ఆ పిక్క తొక్కయే యిచ్చుచున్నది. తన్ను తాను కాల్చుకొని తన పప్పును పండించుకొను ఇట్టి సరకు మఱియొకటి కలదో లేదో గాని, ఇంధనము ఇంటిదే యగుటవలన మనకొక దుర్గుణ మబ్బినది: కొనని వస్తువును కొలుచు అలవాటు మనకు లేదు.

కొలిచి చూతము. మాటవరుసకు నీ బాయిలరు గంటకు 40 కిలోల తొక్క కాల్చుచున్నదనుకొనుము. కిలో తొక్కలో 4,500 కిలోకెలోరీల వేడి యున్నదనుకొనుము. గంటకు 1,80,000 కిలోకెలోరీలు. చిన్న బాయిలరులో నూటికి అఱువది పాళ్ళే నీటికి చేరుననుకొన్నచో, గంటకు సుమారు 180 కిలోల ఆవిరి పుట్టును. తక్కిన నలువదిపాళ్ళలో పెద్దభాగము పొగగొట్టము దారిని పోవును. కిలో తొక్కకు 12 కిలోల పొగ బయలుదేరి, 280 డిగ్రీల వేడితో ఆకాశమున కెక్కుచున్నదని పెట్టుకొని, దానిని 170 డిగ్రీలవఱకు చల్లార్చి పంపగలిగితివా, గంటకు సుమారు 12,600 కిలోకెలోరీలు నీ చేతిలో మిగులును. 30 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు తెచ్చుటకైనచో, అది 250 లీటర్లకు సరిపడు వేడి.

2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీవారు తమ ఆడిటర్లకు నేర్పు స్థూలసూత్రములు రెండు ఇచ్చట జ్ఞాపకముంచుకొనదగినవి. పొగ వేడి 22 డిగ్రీలు తగ్గిన బాయిలరు సామర్థ్యము నూటికొక పాలు పెరుగును; బాయిలరులోనికి పోవు నీరు 6 డిగ్రీలు వేడెక్కిన ఇంధనము నూటికొక పాలు మిగులును. మొదటి సూత్రముచొప్పున మన 110 డిగ్రీల తగ్గుదలకు అయిదుపాళ్ళే రావలెను. నా లెక్కలో ఏడు వచ్చినవి. తేడా ఏలయన, నేను పెట్టుకొన్న 12 కిలోల పొగలో సగమువఱకు అక్కఱలేని గాలియే. కొలిమి తలుపు తెఱచి పెట్టి, డ్యాంపరు పట్టించుకొనని ప్రతి కార్ఖానాలోను జరుగుచున్న దిదియే: బయటి గాలిని లోనికి పిలిచి, కాచి, మర్యాదతో సాగనంపుచున్నాము. కావున కొలత యొక్క మొదటి ఫలితము, వేడిని పట్టు యంత్రము కొనుట కాదు, తలుపు మూయుట.

ఇంకొక లెక్క చూడుము, ఇది నన్ను చాలదినములు వెంటాడినది. బోర్మాలోనికి పోవు పప్పులో నూటికి 8 పాళ్ళు తేమ యుండి, వెలువడునపుడు 4 పాళ్ళు మిగిలినదనుకొన్నచో, నూఱు కిలోల పప్పునుండి తొలగినది నాలుగు కిలోల పైచిలుకు నీరు. దానిని ఆవిరిచేయుటకు చాలు వేడి సుమారు 2,400 కిలోకెలోరీలు. అనగా అరకిలోకు కొంచెము మించిన తొక్క. నూఱుకిలోల పప్పునకు అరకిలో తొక్క! మనము కాల్చునది దీనికి ఎన్నిరెట్లో నీవే తూచి చూచుకొనుము. మిగిలినదంతయు తేమతో నిండక మునుపే బోర్మానుండి తప్పించుకొనిన వేడిగాలి, గోడలకు తగిలిన వేడి, తట్టలు మార్చునపుడు బార్లా తెఱచిన తలుపు. ఆ వెలువడు గాలిలో కొంతభాగమును మరల లోనికే త్రిప్పుటకు ఒక రేకుగొట్టమును, ఒక మూతయు చాలును. ఐతే మొదటి గంటలలో పప్పు తేమ విడుచుచున్నపుడు త్రిప్పరాదు, చివరి గంటలలో గాలి పొడిగా పోవుచున్నపుడు త్రిప్పవలెను. ఈ విచక్షణ లేనివాడు పొరను మెత్తబఱచుకొని పీలింగువారి శాపములు పొందును.

వేడికి కులమర్యాద కలదని నేననుట సంఘసంస్కర్తలకు కోపము తెప్పించునేమోగాని, పదార్థశాస్త్రమున అది సత్యమే. 1824లో సాదీ కార్నో అను ఫ్రెంచి యువకుడు ఆవిరియంత్రముల గుఱించి వ్రాసిన చిన్నపుస్తకముతో లోకమున కెఱుకపడిన దేమనగా, వేడి యొక్క విలువ దాని రాశినిబట్టి మాత్రమే గాక, దాని యెత్తునుబట్టికూడ నిర్ణయమగును. వేయి డిగ్రీలలోని ఒక పాలు ఇంజనును త్రిప్పగలదు. ఎనుబది డిగ్రీలలోని ఆ పాలే స్నానమునకు తప్ప పనికిరాదు. అయితే స్నానముకూడ పనియే కదా! ఎత్తైన వేడిని నీచమైన పనికి వెచ్చించుటయే అసలు దుబారా. దిగిన వేడికి దిగిన పనిని చూపుటయే నేర్పు. బోర్మాకు కావలసినది 70 డిగ్రీలు. అంతకు మించినచో పప్పు కమిలి, పగులని గుండ్లయినను తెల్లగుండ్ల ధర పలుకదు. అట్టిదానిని కొలిమినిప్పుతో నేరుగా కాచి, 280 డిగ్రీల పొగను కాకులకు వదలుట, రాజును బిలిచి గుఱ్ఱమునకు గడ్డి వేయించుటవంటిది.

మన ప్రాంతమున ఈ నేర్పును మహాప్రమాణమున చూడదలచినవాడు విశాఖ ఉక్కుకర్మాగారమునకు పోవలెను. కోక్ బట్టీనుండి తోసిన బొగ్గు వేయి డిగ్రీల ఎఱ్ఱదనముతో వెలువడును. పాతపద్ధతిలో దానిమీద నీళ్ళు చల్లుదురు. తెల్లని మేఘమొకటి లేచి, ఆ వేడినంతయు మోసికొని పోవును. విశాఖలో అట్లుకాక, మూసిన గదులలో ఆ కోక్ గుండ నైట్రోజను వాయువును త్రిప్పి, అది గ్రహించిన వేడితో బాయిలర్లను కాచి, ఆ యావిరితో 7.5 మెగావాట్ల టర్బైనులను రెంటిని త్రిప్పుటకు ఏర్పాటు చేసిరి. బ్లాస్టుఫర్నేసు పైభాగమున వెలువడు వాయువు ఒత్తిడితోకూడ 12 మెగావాట్ల యంత్రములు రెండు విద్యుత్తు పుట్టించునట్లు కట్టిరి. నేను చెప్పదలచినది ఆ మెగావాట్ల గొప్ప కాదు. ఆ కర్మాగారమును గీసినవారు, వేడి పుట్టుచోటును గీచిన కాగితముమీదనే, అది చేరవలసిన చోటునుకూడ గీచిరి. మా అమ్మమ్మయు అంతే చేసినది. మనమో, మొదట పెద్దపొయ్యి కట్టి, ముప్పదియేండ్లు గడచినపిమ్మట, ఎవడో ఏజెంటు వచ్చి చెప్పగా, కోడిపొయ్యి ఎక్కడ అతికింతమా యని గోడలు తడుముదుము.

అట్లు తడిమినవారిలో నేనొకడను; దాచుకొననేల? మా బంధువర్గములోని యొక కార్ఖానాలో, పుస్తకజ్ఞానము నూరిపోసి, పొగదారికి అడ్డముగా సన్నగొట్టముల వరుస పెట్టించితిని. లోపల నీరు పాఱును, వెలుపల పొగ పోవును, నీరు కాగును, మా బంధువు నన్ను కొనియాడును. ఒక నెల కొనియాడెను. రెండవనెలలో పొగ కొలిమినోటినుండి వెనుకకు తన్నసాగెను. విప్పి చూడగా గొట్టములచుట్టు నల్లని జిగురు, తారువలె, పట్టి గట్టిపడియున్నది. తొక్కలోని నూనె పూర్తిగా మండక ఆవిరిరూపమున వచ్చి, చల్లని గొట్టములను తాకి, అచ్చటనే పేరుకొనినదని అప్పుడు తెలిసినది. నేను పొగను 110 డిగ్రీలవఱకు చల్లార్చి మిక్కిలి గడించితిననుకొంటిని. లోభము నాది, జిగురు దానిది. నాటినుండి తొక్క కాల్చువారికి నేను చెప్పునది: 150 డిగ్రీలకు దిగువకు పొగను ఈడ్వకుము; సన్నగొట్టముల గుంపు పెట్టకుము; బ్రష్షు దూరునట్టి వెడల్పు దారి విడుము; అన్నింటికన్న ముందు కొలిమిలోనే మంట పూర్తి యగునట్లు చూడుము. వెనుకటి తప్పును ముందఱి యంత్రము దిద్దదు.

ఇంకను చెప్పవలసినది, ప్రాణములకు సంబంధించినది. బాయిలరునకును పంపునకును నడుమ ఒత్తిడిలో పనిచేయు నే గొట్టమైనను బాయిలరు అవయవమే. 1923 నాటి చట్టము మొదలు 2025లో వచ్చిన క్రొత్త చట్టమువఱకు, బాయిలర్ల చీఫ్ ఇన్స్పెక్టరు అనుమతిలేక దానిని తాకరాదు. ఊరి వెల్డరు ఎంత చేయితిరిగినవాడైనను సరే. చిన్న కార్ఖానాకు క్షేమమైన మార్గము, పంపుకు ముందే, పైన మూతలేక గాలి తగులునట్టి నీళ్ళతొట్టిని పొగవేడితో కాచుట. అందు ఒత్తిడి లేదు. అయితే 80 డిగ్రీల నీటిని పంపు పైకి పీల్చలేదు, పీల్చబోయిన లోన ఆవిరిబుడగలు కట్టి గిలగిలలాడును. కావున తొట్టి పంపుకన్న ఎత్తున నుండవలెను. ఆవిరిగొట్టములతో కాచు బోర్మా నీకున్నచో, ఆ గొట్టములలో చల్లారి జాఱు నీరు శుద్ధమైనది, కాగియున్నది. దానిని కాలువపాలు చేయక ఈ తొట్టికే త్రిప్పుము. పిక్కలనుడికించు కుక్కరునుండి కాఱు నీటిని మాత్రము ముట్టకుము. దానిలో జీడినూనె యున్నది. బాయిలరు కడుపులో పడిన నుఱుగు కట్టించి చెఱచును.

ఈ యుపకరణముల కన్నిటికిని ముందు నీవు కొనవలసినది ఒక నోటుపుస్తకమును, పొగగొట్టములో దూర్చదగిన థర్మోకపులు ఒకటియు. ఏడుదినములు మఱేపనియు చేయక, గంటకొకసారి పొగవేడి, పూటకు కాల్చిన తొక్క తూకము, బాయిలరు త్రాగిన నీరు, బోర్మా గాలివేడి వ్రాయుము. ఎడమపుటలో వేడి యెక్కడెక్కడ పోవుచున్నదో వ్రాసినంతనే, కుడిపుటలో, ఎక్కడెక్కడ ఎవరెవరు వేడి లేక యున్నారో వ్రాయుము. జనులు ఎడమపుట నింపి యంత్రములవాని కడకు పరుగెత్తుదురు. కుడిపుట ఖాళీగా నుండును. గిరాకి లేని సరకును గోదాములో నింపువాడు వర్తకుడు కాడని నీకు తెలియును. వేడికైన నంతే. పైగా ఇది నిలువయుండని సరకు, పూలవంటిది. పుట్టిన పూటనే, పుట్టిన చోటికి దగ్గఱలోనే, అక్కఱ యున్నవాడు దొరకవలెను. పగలు బాయిలరు మండి, రాత్రి బోర్మా నడచు కార్ఖానాలో, యంత్రమును కొనుటకన్న పనివేళలను మార్చుట లాభము. ఇది ఏ ఏజెంటును నీకు చెప్పడు, ఏలయన అతనికి అందు కమీషను లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమున దాటి, ఉద్దానపు జీడిని కొబ్బరిని నేలగూల్చిన పిమ్మట, పడిన మ్రానులకు కొదువ లేని ఆ దినములలో, పచ్చికట్టెను కొలిమిలో త్రోయుట నేను చూచితిని. పచ్చికట్టె కిలోలో అరకిలో నీరే. దానిని తఱిమివేయుటకే 300 కిలోకెలోరీలు చెల్లించి, మిగిలినదానితో పిక్క ఉడికించుట. ఆ మొద్దులను పొగగొట్టము మొదట, వెచ్చని గోడ ప్రక్కన, నాలుగువారములు పేర్చియుంచినచో? కుడిపుటలో ఒక పేరు చేరియుండును.

మన లెక్కకు తిరిగి వత్తము. పొగనుండి 250 లీటర్ల నీటికి చాలు వేడి దొరకెను గదా. బాయిలరు గంటకు త్రాగగలది 180 లీటర్లే. ఆ 180 లీటర్లను 80 డిగ్రీలతో పోయుటచే తొక్క నూటికి ఎనిమిదిపాళ్ళు మిగులును. ఎనిమిదిగంటల దినమునకు 25 కిలోలు, 300 దినములకు ఏడున్నర టన్నులు. దానిని జీడినూనె తీయు మిల్లువాడు కొనును, అందుండి బ్రేకు లైనింగులకును రంగులకును కావలసిన సరకు పుట్టును. ఇంతవఱకు బాగు. మిగిలిన 70 లీటర్లు ఎవరు త్రాగవలెను?

మా బంధువు కార్ఖానాలో, జిగురుగొట్టములు పీకివైచి, వెడల్పుదారితో తొట్టి కట్టించిన రెండవ యేట, ఈ ప్రశ్నయే నన్ను పీడించుచుండెను. బోర్మాకు చాలదు; బాయిలరు వలదనుచున్నది. ఒక మార్గశిరపు సాయంకాలము, తొట్టిచుట్టు క్రొత్తగా చుట్టించిన గ్లాసుఊలును, దానిమీది తళతళలాడు రేకును చూచి మురియుచు నిలుచున్న నన్ను, పిక్క కొట్టు శాలనుండి ఇంటికి పోవుచున్న యొక పెద్దావిడ చూచి నిలిచినది. పిక్క కొట్టువారి చేతులు నీవు చూచియుందువు. ఎంత ఆముదము రాచికొన్నను, ఎంత బూడిద పూసికొన్నను, తొక్కలోని నూనె చర్మమును నల్లబఱచి పొక్కించును.

“బాబుగోరూ, తొట్టికి సలేస్తాదని దుప్పటి కప్పినారు. మా సేతులు కడుక్కోడానికి ఏటున్నాది? నూతిలో నీలు. ఆ నీలకి ఈ జిడ్డు వొదల్తాదేటి?”

ఏడుదినములు కుడిపుట నింపుటకు కార్ఖానా మూలమూలలు తిరిగినవాడను. శాల వెనుక నూతిపళ్ళెము కడకు ఒక్కనాడైనను పోలేదు. మఱునాడే తొట్టినుండి ఒక గొట్టము లాగించి, అచ్చట రెండు కుళాయిలు పెట్టించితిమి, ఒకటి వేడిది, ఒకటి నూతిది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత అక్కడ అక్షరాల జరిగినది. గంటకు 70 లీటర్ల కాగిన నీరు, నూతినీటితో కలిసి, మూడువందల లీటర్లకు పైబడిన గోరువెచ్చని నీరై, సబ్బుతోడ పనివిడిచినవారి చేతులమీద పాఱెను.

నెలాఖరున గుమాస్తా, కుళాయిలకును సబ్బులకును అయిన ఖర్చు ఏ ఖాతాలో వ్రాయవలెనని యడిగెను. కోడిపొయ్యి ఖాతా యని వ్రాయుమంటిని. అతడు పట్నపు పిల్లవాడు. కోళ్ళ దాణా కాబోలుననుకొని, ఆ ఖర్చును మా బంధువు ఇంటిపద్దులో వ్రాసివైచెను.